నైరుతి ఎడారిలో బంధుమిత్రుల ఇళ్ళకు కారు ప్రయాణం: ఏ కాలంలో, ఏ దారిన, ఎవరింట బస?

దక్షిణ కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా, న్యూ మెక్సికో, టెక్సాస్ పడమటి కొస కలిసిన అమెరికా నైరుతి ఎడారి ప్రాంతంలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు లేని పెద్ద ఊరు లేదు. ఇర్వైన్‌లో అక్కాబావలు, చాండ్లర్‌లో ఇంటెల్ ఉద్యోగం చేసే తమ్ముడు, టెంపీలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మేనల్లుడు, లాస్ వేగాస్‌లో కాలేజీనాటి స్నేహితుడు, ఆల్బుకర్కీలో పిన్ని కూతురు, ఇలా లెక్కపెడితే చాలామందికి ఇటువైపు కనీసం నాలుగిళ్ళు తేలతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ఏడాది "ఎలాగూ వచ్చాం కదా, అందరినీ ఒకసారి చూసి వద్దాం" అన్న మాట తప్పకుండా వస్తుంది. ఆ మాట వచ్చిన వెంటనే చాలామంది గ్రాండ్ కాన్యన్‌ను మధ్యలో పెట్టి, చూడవలసిన ప్రదేశాల పట్టిక వేసుకుని, బంధువుల ఇళ్ళను ఆ పట్టికలో రాత్రి పడుకునే చోట్లుగా ఇరికిస్తారు. నా అభిప్రాయంలో ఇది తలకిందుల పద్ధతి. ఏ ఇళ్ళకు వెళ్ళాలో, ఒక్కో ఇంట ఎన్ని రాత్రులు ఉండాలో ముందు తేల్చుకుంటే, కాలమూ కారులో ఉండే మనుషుల వయసూ కలిసి దారిని దాదాపుగా నిర్ణయిస్తాయి. చూడవలసిన ప్రదేశాలు ఆ దారి పొడవునా వాటంతట అవే తగులుతాయి.

ముందుగా కాలం

ఈ ప్రాంతాన్ని ఒకే ఎడారిగా ఊహించుకోవడం వల్ల ఎంపికలో పొరపాట్లు జరుగుతాయి. ఫీనిక్స్ సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంటే, అక్కడికి 145 మైళ్ళ దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 6,900 అడుగుల ఎత్తున ఉంది. ఒకే రోజున ఒక ఊళ్ళో చొక్కా తడిసిపోయే ఎండ, ఇంకో ఊళ్ళో స్వెట్టర్ వేసుకోవలసిన చలి ఉండటం ఇక్కడ మామూలు విషయం. కాబట్టి "ఎప్పుడు వెళ్ళడం మంచిది" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. పల్లపు ఎడారికి ఒక కాలం, ఎత్తైన పీఠభూమికి ఇంకో కాలం అనుకూలిస్తాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పల్లపు ఎడారి, అంటే ఫీనిక్స్, యూమా, పామ్ స్ప్రింగ్స్, లాస్ వేగాస్ ప్రాంతం, కొలిమిలా ఉంటుంది. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 43 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకు మించిన వేడి నమోదైంది. రెంటచింతల, రామగుండం ఎండలు చూసిన పెద్దలు "ఇదేమంత లెక్క" అంటారు, కాని ఇక్కడి అపాయం వేరు. కారు ఆగిపోయిన చోట చెట్టు నీడగాని, టీ కొట్టుగాని, అడిగితే మంచినీళ్ళిచ్చే ఇల్లుగాని ఉండవు, కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. అందుకే వేసవిలో మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున నీళ్ళు కారులో ఉండాలన్నది ఇక్కడ అందరూ పాటించే నియమం. ఇది తాగడానికి మాత్రమే, వంటకూ కడుగుళ్ళకూ కాదు.

అరిజోనాలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు వర్షాకాలంగా వాతావరణ శాఖ లెక్కిస్తుంది. ఈ రోజుల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వాన, దానికి ముందు కొండంత ఎత్తున లేచే దుమ్ము తుఫాను వస్తాయి. ఫీనిక్స్‌కూ టూసాన్‌కూ మధ్య ఐ-10 (ఇంటర్‌స్టేట్ 10) రహదారి మీద ఇవి బాగా తెలిసిన బెడద. దుమ్ము కమ్ముకున్నప్పుడు మనకు సహజంగా తోచేది నెమ్మదిగా నడుపుతూ నాలుగు లైట్లూ మినుకుమినుకుమనిపించడం. ఇక్కడ చేయవలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. రోడ్డు మీద నుంచి వీలైనంత దూరంగా పక్కకు దిగి, లైట్లన్నీ, హజార్డ్ లైట్లతో సహా, ఆర్పివేసి, పార్కింగ్ బ్రేక్ వేసి, బ్రేక్ పెడల్ మీద నుంచి కాలు తీసివేసి, సీటు బెల్టు విప్పకుండా కూర్చోవాలి. వెనుక నుంచి వచ్చే డ్రైవరు దారి కానరాక మీ ఎర్ర లైటునే దారిగా భావించి నేరుగా మీ మీదికి వస్తాడు కాబట్టి ఈ నియమం పెట్టారు. ప్రయాణానికి ముందు కారులో స్టీరింగు పట్టే ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క విషయం నోటికి వచ్చేలా చెప్పండి.

చలికాలంలో లెక్క తిరగబడుతుంది. నవంబరు నుంచి మార్చి వరకు పల్లపు ఎడారి హాయిగా ఉంటుంది, కాని ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టుపక్కల మంచు గట్టిగా కురుస్తుంది, ఐ-40, ఐ-17 రహదారులు కొన్ని గంటలపాటు మూతపడే రోజులు కూడా ఉంటాయి. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవుల్లోనే అందరికీ ఖాళీ దొరుకుతుంది కనుక, ఆ రోజుల్లో ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా వెళ్ళే ఉత్తరపు దారిని ఎంచుకునేవారు ఒకటి రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. ఉత్తరపు, దక్షిణపు దారులు రెండూ సమానంగా అనుకూలించే కాలం అక్టోబరు. దసరా, బతుకమ్మ, దీపావళి తరచుగా ఆ రోజుల్లోనే రావడం వల్ల బంధువుల ఇళ్ళకు వెళ్ళడానికి అంతకంటే మంచి అదను లేదు. ఒక్క ఆల్బుకర్కీ విషయంలోనే జాగ్రత్త అవసరం, ఎందుకంటే అక్టోబరు మొదటి రోజుల్లో అక్కడ 1972 నుంచి జరుగుతున్న బెలూన్ ఉత్సవం వల్ల హోటల్ గదులు నెలల ముందే నిండిపోతాయి.

దక్షిణపు దారి, ఉత్తరపు దారి

లాస్ ఏంజలెస్ నుంచి తూర్పుకు వెళ్ళడానికి ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. దక్షిణాన ఐ-10 పామ్ స్ప్రింగ్స్ పక్కగా బ్లైత్, ఫీనిక్స్, టూసాన్, లాస్ క్రూసెస్ మీదుగా ఎల్ పాసో చేరుతుంది. ఉత్తరాన బార్‌స్టో దగ్గర మొదలయ్యే ఐ-40 నీడిల్స్, కింగ్‌మన్, ఫ్లాగ్‌స్టాఫ్, గ్యాలప్, ఆల్బుకర్కీ మీదుగా అమరిల్లో వైపు సాగుతుంది. డాలస్ దాకా లెక్కవేస్తే రెండూ దాదాపు 1,440 మైళ్ళే వస్తాయి. కనుక దూరం చూసి ఎంచుకోవలసిన పని లేదు, దారిలో ఏ ఇళ్ళు తగులుతాయి, ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయి అన్నవే చూడాలి.

మనవాళ్ళ ఇళ్ళు దక్షిణపు దారిలోనే ఎక్కువ. లాస్ ఏంజలెస్ నుంచి ఫీనిక్స్ 370 మైళ్ళు, మధ్యలో ఆగడాలతో కలిపి ఆరేడు గంటల ప్రయాణం. అక్కడి నుంచి టూసాన్ మరో 115 మైళ్ళు. చాండ్లర్, గిల్బర్ట్, టెంపీ, స్కాట్స్‌డేల్ అన్నీ ఫీనిక్స్ చుట్టూ గంటలోపు దూరంలోనే ఉంటాయి కాబట్టి, ఒక ఇంట్లో దిగి మిగతా ఇళ్ళను పగటిపూట చుట్టిరావచ్చు. పెద్దలకు గుడి కావాలంటే ఫీనిక్స్‌కు దక్షిణాన మారికోపా దగ్గర మహాగణపతి ఆలయం ఉంది. టూసాన్ దాటాక బెన్సన్‌కు తూర్పున టెక్సాస్ కాన్యన్ అనే చోట రోడ్డుకు రెండు వైపులా గుండ్రటి బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి నిలబడి, పాత బంజారాహిల్స్‌ను చూసినవారికి హైదరాబాద్ పొలిమేరలు జ్ఞాపకం తెస్తాయి. అక్కడి విశ్రాంతి స్థలంలో ఆగి పులిహోర పొట్లాలు విప్పడం కంటే మంచి భోజన విరామం ఈ దారిలో నాకు తోచదు. లాస్ క్రూసెస్ నుంచి 50 మైళ్ళు పక్కకు వెళితే వైట్ సాండ్స్ నేషనల్ పార్కులో తెల్లటి జిప్సం ఇసుకతిన్నెలు 275 చదరపు మైళ్ళ మేర పరుచుకుని ఉంటాయి. మిగతా ఇసుకలా ఇది ఎండకు కాలదు కాబట్టి పిల్లలు చెప్పులు లేకుండా ఆడుకోవచ్చు. పక్కనే ఉన్న క్షిపణి పరీక్షా కేంద్రంలో పరీక్షలు జరిగే వేళల్లో ఆ రోడ్డునూ పార్కునూ కొద్ది గంటలు మూసివేస్తారు. వెళ్ళే రోజు ఉదయం ఆ సమాచారం తప్పక చూసుకోవాలి.

దక్షిణపు దారికి ఉన్న లోపం దాని చివరి భాగం. ఎల్ పాసో నుంచి డాలస్ 635 మైళ్ళు. టెక్సాస్ పశ్చిమాన గంటకు 80 మైళ్ళ వేగం అనుమతించినా, రోజంతా చక్రం పట్టి కూర్చోవలసిందే, పలకరించడానికి మధ్యలో బంధువుల ఇల్లు దొరకడం అరుదు. అమ్మానాన్నలను వెనుక సీటులో తొమ్మిది పది గంటలు కూర్చోబెట్టడం నేను సిఫార్సు చేయను. డాలస్ వైపు వెళ్ళవలసినవారు ఫీనిక్స్ దాకానో, ఎల్ పాసో దాకానో కారులో వెళ్ళి, అక్కడి నుంచి విమానం ఎక్కడం శరీరానికి మేలు.

ఉత్తరపు దారి అందం ఎక్కువ, ఇళ్ళు తక్కువ. విలియమ్స్ దగ్గర ఐ-40 నుంచి 60 మైళ్ళు పైకి వెళితే గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు వస్తుంది. విన్‌స్లోకు కొద్ది దూరంలో సుమారు 50,000 ఏళ్ళ కిందట ఉల్క పడి ఏర్పడిన, దాదాపు ముప్పావు మైలు వెడల్పున్న గొయ్యి ఉంది. హోల్‌బ్రుక్ దాటాక పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో రాయిగా మారిన చెట్ల మొద్దులు, రంగురంగుల మట్టి గుట్టలు కనిపిస్తాయి. పార్కు గుండా వెళ్ళే రోడ్డు ఒక పక్క ఐ-40 దగ్గర మొదలై ఇంకో పక్క యూఎస్-180 మీద తేలుతుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా కారులో కూర్చునే చాలావరకు చూడగలరు. సాయంత్రానికి గేట్లు మూసివేస్తారు, మధ్యాహ్నంలోపు చేరడం మంచిది. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఆల్బుకర్కీ 325 మైళ్ళు. ఈ దారి పొడవునా లారీలు ఎక్కువ, వాటిని నడిపేవారిలో పంజాబీలు కూడా చాలామంది ఉండటం వల్ల ఐ-40 మీద కొన్ని ట్రక్ స్టాపుల్లో వేడి రోటీ, పప్పు దొరికే ధాబాలు వెలిశాయి. బర్గర్లూ పిజ్జాలూ సహించని పెద్దలకు ఇది చిన్న సౌకర్యం కాదు.

ఉత్తరపు దారిలో ఆలోచించవలసింది ఎత్తు. ఫ్లాగ్‌స్టాఫ్, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, శాంటా ఫే అన్నీ సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉన్నాయి. ఫీనిక్స్‌లో ఉదయం టిఫిన్ చేసి బయలుదేరితే రెండు గంటల్లోనే దాదాపు 5,800 అడుగులు పైకి ఎక్కేస్తాం. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారికి ఆయాసం, తలనొప్పి కలగవచ్చు. డాక్టరును అడిగి, మొదటి రోజు నడక తగ్గించి, నీళ్ళు ఎక్కువగా తాగించాలి.

శాన్ డియేగో నుంచి వచ్చేవారికి మూడో దారి ఐ-8 ఉంది. ఫీనిక్స్‌కు సుమారు 355 మైళ్ళు. 4,000 అడుగులకు పైగా ఎక్కి, అక్కడి నుంచి ఎల్ సెంట్రో దగ్గర సముద్రమట్టం కంటే కిందికి దిగి, యూమాకు ముందు నిజమైన ఇసుకతిన్నెల మధ్యగా సాగే ఈ రోడ్డు మీద రద్దీ తక్కువ. చలికాలంలో యూమా చుట్టూ కనుచూపు మేర ఆకుకూరల పొలాలు పచ్చగా కనిపిస్తాయి, వ్యవసాయం చేసిన పెద్దలుంటే కారు ఆపమంటారు. వేసవి మధ్యాహ్నం మాత్రం తిరుగు ప్రయాణంలో ఆ కొండ ఎక్కడం కారుకు కష్టం. ఏసీ ఆపమని అక్కడ బోర్డులు కూడా ఉంటాయి.

ఒక చుట్టు, ఏ దిశలో?

ఇళ్ళు ఎక్కువ, రోజులు తక్కువ అయినవారికి నేను చెప్పే దారి ఫీనిక్స్, శాన్ డియేగో, లాస్ ఏంజలెస్, లాస్ వేగాస్, మళ్ళీ ఫీనిక్స్. ఇది మొత్తం సుమారు 1,050 మైళ్ళ చుట్టు. ఏ ఒక్క రోజూ 360 మైళ్ళు దాటదు, నైరుతిలో తెలుగువాళ్ళు గుంపుగా ఉన్న ఊళ్ళన్నీ దాదాపుగా ఇందులోనే వస్తాయి. మలిబు కొండల్లో 1980లలో కట్టిన వేంకటేశ్వరస్వామి ఆలయం కూడా ఈ చుట్టులోనే ఉండటం పెద్దలకు ప్రయాణం మీద ఆసక్తిని పెంచుతుంది.

ఈ చుట్టులో దిశ కంటే వారం ముఖ్యం. లాస్ ఏంజలెస్ నుంచి లాస్ వేగాస్ 270 మైళ్ళే అయినా, శుక్రవారం సాయంత్రం అటు, ఆదివారం మధ్యాహ్నం ఇటు ఐ-15 మీద వాహనాలు బారులు తీరతాయి, నాలుగున్నర గంటల ప్రయాణం ఎనిమిది గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ భాగాన్ని మంగళ, బుధవారాల్లో పెట్టుకుంటే రోడ్డు ఖాళీగా ఉంటుంది, వేగాస్ హోటళ్ళ ధర కూడా తక్కువగా ఉంటుంది. గది ధరకు తోడు రిసార్ట్ ఫీజు పేరిట రాత్రికి అదనంగా వసూలు చేస్తారు, దాన్ని కలిపి పోల్చుకోవాలి. వేగాస్ నుంచి ఫీనిక్స్‌కు యూఎస్-93 మీద సుమారు 300 మైళ్ళు. హూవర్ డ్యామ్ పక్కన 2010లో తెరిచిన ఎత్తైన వంతెన మీదుగా ఈ రోడ్డు వెళుతుంది. దీనిలో కొన్ని భాగాలకు మధ్యలో విభజన లేదు, ఎదురు వాహనాల వెలుగులో నడపవలసి వస్తుంది, కనుక ఈ భాగాన్ని పగలే ముగించాలి.

తూర్పు పడమరలుగా సాగే ఈ రోడ్లన్నిటి మీదా సూర్యుడు డ్రైవరుకు పరీక్ష పెడతాడు. తూర్పుకు వెళ్ళే రోజు పొద్దు కాస్త పైకి వచ్చాక బయలుదేరడం, పడమరకు వెళ్ళే రోజు తెల్లవారుజామునే బయలుదేరి సాయంత్రం నాలుగింటికల్లా చేరుకోవడం అలవాటు చేసుకుంటే కళ్ళకు సగం శ్రమ తగ్గుతుంది.

సొంత కారు, అద్దె కారు, ఎలక్ట్రిక్ కారు

సొంత కారు ఐదారేళ్ళలోపుదై, టైర్లు కొత్తవైతే ఆలోచించవలసిన పని లేదు, దానిలోనే వెళ్ళవచ్చు. టైరు అరిగిందా లేదా అన్నది ఒక్కటే చూసి ఊరుకోకండి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత వచ్చే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు ఆ టైరు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదన్నమాట. ఆరేడేళ్ళు దాటిన రబ్బరు పైకి బాగానే కనిపించినా ఎడారి వేడికి పగిలే అవకాశం ఉంది. బ్యాటరీ మూడేళ్ళు దాటితే బయలుదేరే ముందు పరీక్ష చేయించడం అవసరం, ఎందుకంటే ఎండ బ్యాటరీని చలి కంటే ఎక్కువగా తినేస్తుంది.

ఆరుగురు ఏడుగురు ఉంటే పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకోవడమే నయం. ఇరుకు సీట్లలో పెద్దవాళ్ళకు కాళ్ళు వాచిపోతాయి. అద్దె కారును తీసుకున్న ఊళ్ళోనే తిరిగి ఇస్తే ఖర్చు అదుపులో ఉంటుంది. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలితే డ్రాప్ రుసుము అద్దెకు సమానం కావచ్చు. నడిపే ఇద్దరి పేర్లూ ఒప్పందంలో ఉండాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సందర్శకుల ఆరోగ్య బీమా ఉంటే, దాని కార్డునూ మందుల చీటీలనూ డిక్కీలోని పెట్టెలో కాకుండా చేతి సంచిలో ఉంచండి.

ఎలక్ట్రిక్ కారుకు దక్షిణపు దారిలో ఛార్జింగ్ కేంద్రాల కొరత లేదు. ఫ్లాగ్‌స్టాఫ్ ఎక్కుడుకూ, చలికీ, ఎండలో ఏసీకీ బ్యాటరీ అనుకున్నదానికంటే వేగంగా తరుగుతుంది కాబట్టి మూడో వంతు మిగిలి ఉండగానే ఛార్జ్ చేసుకోవడం మంచిది. పెట్రోలు కారుకైతే కాలిఫోర్నియాలో ధర ఎక్కువ, అరిజోనాలో తక్కువ. పడమరకు వెళ్ళేటప్పుడు క్వార్ట్‌సైట్ దగ్గర ట్యాంకు నింపుకోవాలి. ఐ-40 మీద లడ్లో నుంచి నీడిల్స్ వరకు దాదాపు 90 మైళ్ళ దూరంలో పెట్రోలు దొరికే చోట్లు చాలా తక్కువ, దొరికినా ధర మండిపోతుంది.

ఇంట్లో బసా, హోటలా

దారి ఎంపిక కంటే ఇది సున్నితమైన విషయం. "మా ఇల్లుండగా హోటలెందుకు" అని అందరూ అంటారు, మనస్ఫూర్తిగానే అంటారు. ఐనా ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళుతుంటే, పిల్లలకు బడి ఉంటే, వారం మధ్యలో ఐదుగురు దిగడం వదినగారికి ఎంత పని పెంచుతుందో మనం ఆలోచించాలి. అక్క, తమ్ముడు, పిన్ని, బాబాయి వంటి దగ్గరి బంధువుల ఇంట్లో రెండు రాత్రులు ఉండటం, అందులో ఒకటి శనివారం రాత్రి కావడం నా దృష్టిలో సరైన కొలత. ఒక్క రాత్రికి వెళితే వచ్చిన రోజు అలసట, వెళ్ళే రోజు సామాన్ల హడావిడితోనే సరిపోతుంది, మాట్లాడుకున్నట్టే ఉండదు. మూడో రాత్రికి వాళ్ళ ఇంటి పనులు వెనకబడతాయి.

ముందుగా ఫోనులో అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "కింది అంతస్తులో పడకగది, స్నానాల గది ఉన్నాయా?" కాలిఫోర్నియా కొత్త కాలనీల్లో చాలా ఇళ్ళకు పడకగదులన్నీ పైనే ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు రాత్రి రెండుసార్లు మెట్లు దిగి ఎక్కడం శిక్ష అవుతుంది. ఫీనిక్స్, టూసాన్ వైపు ఒకే అంతస్తు ఇళ్ళు ఎక్కువ కాబట్టి పెద్దలతో ఎక్కువ రాత్రులు అక్కడ పెట్టుకుని, ఇర్వైన్, శాన్ డియేగోల్లో చిన్న వంటగది ఉన్న హోటల్ గది తీసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. ఆ గదిలో రైస్ కుక్కర్ పెట్టుకుని అన్నం వండుకుంటే, పగలంతా బంధువుల ఇంట్లో గడిపి రాత్రికి గదికి చేరుకోవచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

చదువుకునే పిల్లల విషయం వేరు. టెంపీలో మేనల్లుడు రెండు పడకగదుల ఇంట్లో నలుగురితో కలిసి ఉంటాడు. అక్కడికి బంధువులు దిగితే మిగతా కుర్రాళ్ళు హాల్లోంచి కూడా లేచిపోవలసి వస్తుంది. అటువంటి చోట ఈతకొలను ఉన్న హోటల్లో మనమే దిగి, ఆ అబ్బాయినీ అతనితో ఉండే స్నేహితులనూ భోజనానికి పిలిచి, ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, ఆవకాయ, సున్నుండలు పంచి ఇస్తే ఆ నలుగురి తల్లుల దీవెనా మనకు దక్కుతుంది.

పత్రాలు, మొక్కలు, గడియారం

రెండు దారుల మధ్య చాలామంది లెక్కలోకి తీసుకోని తేడా పత్రాలది. దక్షిణపు దారులు మెక్సికో సరిహద్దుకు దగ్గరగా సాగుతాయి కాబట్టి సరిహద్దు గస్తీ సిబ్బంది తనిఖీ కేంద్రాలు అక్కడక్కడ ఉంటాయి. లాస్ క్రూసెస్‌కు పడమరన ఐ-10 మీద ఒకటి, ఎల్ పాసో నుంచి తూర్పుకు వెళ్ళేటప్పుడు సియెర్రా బ్లాంకా దగ్గర ఇంకొకటి తగులుతాయి. 18 ఏళ్ళు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలని అమెరికా చట్టం చెబుతోంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), ఐ-797 (వీసా హోదా ఆమోద పత్రం) కాగితాలనూ, సందర్శక వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు పాస్‌పోర్టునూ ఐ-94 ముద్రిత ప్రతినీ కారు ముందు భాగంలో అందుబాటులో పెట్టుకోవాలి. పాస్‌పోర్టులు పోతాయేమోనని ఇంట్లో బీరువాలో దాచి వెళ్ళేవారు ఉన్నారు, ఈ ప్రయాణంలో అది కుదరదు. ఐ-40 సరిహద్దుకు దూరం కనుక ఇటువంటి స్థిరమైన కేంద్రాలు దాని మీద లేవు, అయినా కాగితాలు వెంట ఉండవలసిందే.

కాలిఫోర్నియాలోకి వచ్చే ప్రధాన రహదారుల మీద వ్యవసాయ తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. పళ్ళు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. వండిన ఆహారానికి ఇబ్బంది లేదు. ఇంటి వెనుక పెంచిన కరివేపాకు మొక్కను చెల్లెలికి కానుకగా తీసుకెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందువల్ల క్వారంటైన్ ప్రాంతాల నుంచి ఈ మొక్కలను తరలించడంపై ఆంక్షలు ఉన్నాయి. కరివేపాకును పొడి చేసి పట్టుకెళ్ళండి.

గడియారం చిన్న విషయమే అయినా వంట చేసి ఎదురుచూసేవారికి పెద్దది. నవాహో ఆదివాసుల ప్రాంతం మినహా అరిజోనాలో వేసవికి గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి లేదు. వేసవిలో ఫీనిక్స్, లాస్ ఏంజలెస్ సమయం ఒకటే, చలికాలంలో ఫీనిక్స్ ఒక గంట ముందు. న్యూ మెక్సికోతో దీనికి ఎదురు, చలికాలంలో ఒకటే సమయం, వేసవిలో ఆల్బుకర్కీ ఒక గంట ముందు. వేసవిలో చాండ్లర్ నుంచి బయలుదేరి ఆల్బుకర్కీలో "ఏడింటికి భోజనానికి వస్తాం" అని చెబితే, అది చాండ్లర్ గడియారంలో ఆరు గంటలని గుర్తుంచుకోవాలి.

ఎవరికి ఏది

చలికాలం సెలవుల్లో అమ్మానాన్నలతో వెళ్ళేవారికి దక్షిణపు దారి తప్ప ఇంకోటి నేను చెప్పను. ఇర్వైన్ నుంచి చాండ్లర్, టూసాన్ దాకా వెళ్ళి, ఐ-8 మీదుగా శాన్ డియేగో చేరి వెనక్కి రావడం హాయిగా సాగుతుంది. వేసవి సెలవుల్లో బడి పిల్లలతో వెళ్ళేవారు ఉత్తరపు దారిని ఎంచుకుని, పల్లపు ఎడారిని ఉదయం పది లోపు దాటేసి, రాత్రులు ఫ్లాగ్‌స్టాఫ్, ఆల్బుకర్కీ, శాంటా ఫే చల్లదనంలో గడపాలి. వేసవిలో ఫీనిక్స్ బంధువులను చూడక తప్పకపోతే విమానంలో వెళ్ళి రావడమో, లేదా వాళ్ళనే ఫ్లాగ్‌స్టాఫ్‌కు రమ్మని అక్కడ అందరూ కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకోవడమో చేయవచ్చు. ఎండల నుంచి తప్పించుకోవడానికి ఫీనిక్స్ వాళ్ళు వారాంతాల్లో ఎలాగూ అటే వెళతారు కాబట్టి ఈ మాటకు కాదనేవారు తక్కువ, గదులు మాత్రం ముందే దొరికించుకోవాలి.

రోజులు చాలకపోతే ఏది వదలాలన్న ప్రశ్న చివరికి అందరికీ ఎదురవుతుంది. నేనైతే ఇంటిని వదలను, ప్రదేశాన్ని వదులుతాను. గ్రాండ్ కాన్యన్‌కు విలియమ్స్ నుంచి రానూపోనూ 120 మైళ్ళు, అక్కడ గడిపే సమయంతో కలిపి ఒక నిండు రోజు కావాలి. ఆ రోజును టూసాన్‌లో ఒంటరిగా ఉంటున్న పెద్ద బాబాయి దగ్గర గడపడానికీ, కాన్యన్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే టూసాన్‌కే వెళ్ళమంటాను. రెండూ కావాలనుకునేవారు శనివారాన్ని కాన్యన్‌కు కేటాయించి, ఫీనిక్స్ బంధువులను కూడా బండి కట్టించి వెంట తీసుకువెళ్ళవచ్చు. అలా చేస్తే ఆ నిండు రోజు కూడా వాళ్ళతో గడిపినదే అవుతుంది.